ఎదురుకాళ్ళ గోపమ్మ

ముసురులో తడుస్తూ వచ్చిన బస్సు కొండ్రాయిపల్లె స్టేజీ దగ్గర ఆగి, ఇక కదలనంది. జడ్చర్ల నుంచి నారాయణపేటకు పోయే బస్సు అది. పందొమ్మిదివందల అరవై ప్రాంతపు బస్సులు మొండివి. ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి, వంగి, బలంకొద్దీ తిప్పితేగాని ఇంజను లేచేది కాదు.

డ్రైవర్ ఐలేశం వంగి తిప్పాడు. ఇంజను లేవలేదు. అతని నడుములో మాత్రం ఏదో కలుక్కుమంది. అంతే, పోయిన అణా వెతుక్కునేవాడిలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"లెవ్వు ఐలేశం, టైమైతాంది," అన్నాడు కండక్టర్ గుర్వయ్య.

"నేను లేస్త అంటున్న, నడుము ఒద్దంటాంది!"

బస్సులో నవ్వులు. కిటికీలోంచి ఒక ఆడమనిషి అరిచింది. "మా ఊరి గోపమ్మను పిలువుండ్రి! ఒక్కపారి తొక్కితే లేచి ఉరుకుతడు."

పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందుగా వచ్చినవాళ్ళు కాలు పెడితే పట్టేసిన నడుము సర్దుకుంటుందని ఆ వైపు నమ్మకం. గొర్రెలు కాసే కురుమయ్య కూతురు గోపమ్మ అట్లా పుట్టింది. మాటలు రాకముందు నుంచే ఊళ్ళోని నడుములన్నీ ఆమె పాదం కిందికి వచ్చాయి.

కాసేపటికి నెత్తిన గొంగడి కప్పుకుని గోపమ్మ వచ్చింది. వెనక ఆమె అవ్వ, కురుమయ్య తల్లి హనుమమ్మ. గోపమ్మ చుట్టూ చూసి, "ఎవలకు?" అంది.

"ఈడ వంగున్నది నేనొక్కణ్ణే గద, కనిపిస్తలేదా?" అన్నాడు ఐలేశం నేలకేసి చూస్తూ.

"కనిపిస్తాంది. దండం వెడుతున్నవేమో అనుకున్న."

స్టేజీ పక్కనున్న హోటలు పాకలో గొంగడి పరిచి అతన్ని బోర్లా పడుకోబెట్టారు. బస్సులోని జనం కిటికీల మీద పడి చూస్తున్నారు.

"జర మెల్లగ. నడుమిది, వడ్లు తొక్కే కల్లం కాదు," అన్నాడతను.

"మాట్లాడకు."

తడి పాదం ఒకటి అతని నడుము మీద తేలికగా ఆనింది, కొంచెం నొక్కింది, వెళ్ళిపోయింది. ఐలేశం గుర్వయ్య భుజం పట్టుకుని లేచాడు.

"తగ్గిందా?" బస్సు బస్సంతా అడిగింది.

"తగ్గింది," అన్నాడు ఐలేశం.

గోపమ్మ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. "అబద్ధం. తగ్గలే."

"నీకెట్ల తెల్సు?"

"తగ్గినోడు పటపట పండ్లు కొరకడు."

అప్పుడు చూశాడతను ఆమె ముఖం. వాన చుక్కలు, వాటి వెనక నవ్వు ఆపుకుంటున్న కళ్ళు.

హనుమమ్మ చెప్పాల్సింది చెప్పింది. "కొడుకా, ఇసుక వేంచి మూటగట్టి కాపుకో, చర్మం కాలకుండ చూస్కో. గోరెచ్చటి ఆముదం రాపిచ్చుకో. పండుకునేటప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకో. గని పొద్దంత పండకు, మెల్లమెల్లగ తిరుగు. వంగి బరువులెత్తకు."

"కాళ్ళు మొద్దుబారినట్టయితే మా దగ్గరికి రాకు, దవాఖానకు పో," అంది గోపమ్మ.

జనం దిగి తోస్తే ఇంజను లేచింది. ఐలేశం ఆ రోజు నారాయణపేట దాకా గుడ్ల గంప మోసినట్టు బస్సు నడిపాడు.

జడ్చర్లలో తల్లి సత్తమ్మ ఇసుక కాపడం పెట్టింది, ఆముదం రుద్దింది. కొద్ది రోజుల్లో నడుము మామూలైంది. కాని బస్సుకు కొత్త జబ్బు పట్టుకుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఉన్నా లేకపోయినా కొండ్రాయిపల్లెలో ఆగి హారన్ కొట్టేది. ఐలేశం చెయ్యి నడుముకు ఆనించి, మూలుగుతూ దిగేవాడు.

"ఇంక తగ్గలేదా?" అనేది గోపమ్మ.

"పొద్దుగాల మంచిగనే ఉంటది. మీ ఊరు రాంగనే నొస్తది."

"వావిలాకు తెచ్చి పెడత. నీళ్ళల్ల మసలపెట్టి, వేడి తగ్గినంక పోసుకో."

ఇదిట్లా నడుస్తుండగా ఒక సంత రోజున బస్సు టాపు మీద కట్టిన పొట్టేలు తాడు తెంపుకుంది. ఐలేశం నిచ్చెన కూడా పట్టుకోకుండా పైకెక్కి, పొట్టేలును చంకన పెట్టుకుని కిందికి దూకాడు. లేచి చూస్తే ఎదురుగా వావిలి కొమ్మలతో గోపమ్మ.

"నడుము బాగున్నట్టుంది!"

"ఇప్పుడే... పొట్టేలును చూసి..."

"గుట్ట దాక పోయి తెచ్చిన గీ ఆకు. నీకు ఆటలైంది!" కొమ్మలు అతని మీద విసిరి నడిచింది.

ఐలేశం వెంట పడ్డాడు. సన్నగా వాన మొదలైంది. "నొప్పి ఎన్నడో పోయింది. పోయిందని జెప్తే నువ్వు స్టేజీకి రావు గద!"

గోపమ్మ ఆగింది. "అందరు నా కాలు కొరకే వస్తరు. బువ్వ తింటుంటె పిలుస్తరు, జొరమొచ్చి పండుకుంటె పిలుస్తరు. నా కాల్ల ఏం లేదు. తొక్కినంక మా అవ్వ మాట ఇంటరు, కాపుకుంటరు, గందుకు తగ్గుతది. ఇగ పెండ్లిచూపులకు వచ్చినోళ్ళు ఉడకబెట్టిన గుడాలు తిని, మొగోళ్ళను తొక్కే పిల్ల మాకొద్దని పోతరు."

"నాకు నీ కాలుతోని పనిలేదు. నన్ను జేసుకుంటవా?"

వాన కొంచెం పెద్దదైంది. ఇద్దరూ కదల్లేదు.

"మీ అమ్మనడుగు," అంది చివరికి. "నీ నడుము మీద నా కాలు పడ్డ సంగతి గూడ దాయకుండ జెప్పి అడుగు."

ఐలేశం దాచకుండా చెప్పాడు. సత్తమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ ఆగిపోయింది.

"మొగని కాళ్ళు మొక్కే పెండ్లాన్ని జూసిన గని, నడుము తొక్కే పెండ్లాన్ని యాడ జూడలే. లోకం నవ్వుతది. ఒద్దు."

అతను తల్లి మాట దాటలేదు. మరుసటి రోజు గోపమ్మకు ఆ మాటే చెప్పాడు. "నాకెర్కనే," అని ఆమె గొర్రెల వెంట పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు హారన్ కొట్టినా స్టేజీకి రాలేదు.

కొన్నాళ్ళకు గుర్వయ్య సత్తమ్మ ఇంటికి వచ్చాడు. "వదినా, నీ కొడుకు గేర్లు మరుస్తున్నడు. బస్సు నిండ మనుషుల పానాలున్నయ్. ఏదో ఒకటి తెగ్గొట్టు."

సత్తమ్మ తెల్లారి, ఆ పిల్లను తానే చూసి రావాలని, కొడుకు కంట పడకుండా వేరే బస్సెక్కింది. గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి కొండ్రాయిపల్లెలో దిగేసరికి ఆమె నడుము నిజంగానే బిగుసుకుపోయింది. అడుగుతూ కురుమయ్య ఇల్లు చేరి, పేరు చెప్పకుండా, "నడుము నొస్తాంది పిల్లా, తొక్కు," అంది.

గోపమ్మ తల అడ్డంగా ఊపింది. "పెద్ద మనిషివి, నిన్ను తొక్కద్దు. ఎముకకు దెబ్బ తాకుతది. పండు, కాపడం పెడత."

ఇసుక వేయించి, మూట కట్టి, ముందు తన మణికట్టు మీద ఆనించి వేడి చూసుకుంది. తర్వాత ఆమె నడుముకు పెట్టింది. ఆముదం చేత్తో రుద్దుతూ అడిగింది. "ఇది ఇయ్యాలటి నొప్పి కాదు. ఏం మోసినవు పెద్దమ్మా?"

 సత్తమ్మను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. మొగుడు పోయాక రోడ్డు పనిలో చేరింది, కంకర గంపలు మోసింది, చంటివాణ్ణి చెట్టు కొమ్మకు కట్టిన జోలెలో పడుకోబెట్టింది. ఇదంతా మెల్లమెల్లగా చెప్పింది. ఆఖరున, "ఆ చంటోడే ఇప్పుడు బస్సు నడుపుతున్నడు. ఐలేశం," అంది.

గోపమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆగకు, రుద్దు. పిల్లవు మంచిగనే ఉన్నవు. లగ్గమైనంక మాత్రం గీ తొక్కుడు బంద్ జెయ్యాలె."

గోపమ్మ రుద్దుతూనే జవాబిచ్చింది. "గది నాకు గూడ ఇష్టం లేదు. గని నొప్పితోని వాకిట్లకొచ్చినోళ్ళను నేను ఎల్లగొట్టలేను. మీ కొడుకు కోసమైనా ఎల్లగొట్ట. తప్పయితే ఇంకో పిల్లను జూసుకోండ్రి."

ముంగిట్లో కూర్చున్న హనుమమ్మ తల పట్టుకుంది. సంబంధం మళ్ళీ తప్పిందనుకుంది.

సత్తమ్మ బోర్లా పడుకునే ఉంది. ఇసుక మూట వేడి నడుములోకి దిగుతోంది. ఎన్నో ఏళ్ళ నుంచి పట్టి ఉన్నదేదో సడలుతున్నట్టుంది.

"జర కిందికి రుద్దు," అంది. కొంచెం ఆగి, "జడ్చర్లల నడుము నొప్పులు తక్కువేం లెవ్వు. మా ఇంటి ముందట జాగా గూడ శానుంది. వచ్చినోళ్ళు కూసోనీకి అరుగు ఏపిస్త," అంది.

సాయంత్రం బస్సు ఆపి తల్లి ఇక్కడుందని విని పరుగెత్తుకొచ్చిన ఐలేశం, గుమ్మంలో నిలబడిపోయాడు. తల్లి బోర్లా పడుకుని ఉంది. పక్కన గోపమ్మ, చేతుల నిండా ఆముదం.

"అమ్మా! నువ్వీడేంది?"

"నీ లగ్గం మాట్లాడుతున్న. గొర్ల ఉన్ని కోసుడైనంక అని కురుమయ్యకు కబురంపిన. నువ్వు పో, బస్సుల మనుషులు కూసున్నరు."

ఐలేశం పోలేదు. గోపమ్మ వైపు తిరిగాడు. "మరి నువ్వు? ఒప్పుకున్నవా?"

గోపమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను నువ్వు అడిగిన వాననాడే ఒప్పుకున్న," అంది. "ఆలిశమైంది మీ అమ్మకే."