లైన్‌లో ఇంకొకడు

వాల్వ్ మూసుకుంటుంది.

మళ్ళీ తెరుచుకుంటుంది!

లక్ష్మణ ఇంకోసారి కీ నొక్కుతాడు. స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు మారతాయి.

స్టీమ్ వాల్వ్... క్లోజ్.

ఊపిరి పీల్చుకునేలోగా...

స్టీమ్ వాల్వ్... ఓపెన్!

"కరుప్పుసామీ! ఎవరు ముట్టుకుంటా ఉండేది?"

"నేను కాదు సార్! నా చేతులు చూడండి!"

ప్యానెల్ ఆపరేటర్ కరుప్పుసామి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. 

ఆదివారం మధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది. మారండహళ్ళి రోడ్డు మీది ఆ గ్లూకోస్ ఫ్యాక్టరీని క్లీనింగ్ కోసం ఆపేశారు. మరవళ్ళి గడ్డ, అదే కర్రపెండలం, పిండిని ఆవిరితో ఉడికించే పెద్ద ట్యాంకు ఖాళీ చేశారు. ఫోర్‌మన్ రంగస్వామి పైన మూత తీయించాడు. తాడు కట్టి మనిషిని లోపలికి దించారు.

ఈరోజు దిగే డ్యూటీ వెంకటప్పది.

లక్ష్మణకు సొంత మేనమామ!

ఆ ట్యాంకులోకే ఇప్పుడు ఆవిరి వాల్వ్ తెరుచుకుంటోంది.

 అయినా లక్ష్మణకు ఒక ధైర్యం. బాయిలర్ హౌస్‌లో చేత్తో తిప్పే పెద్ద వాల్వ్ ఒకటుంది. అది మూశాకే ఎవరినైనా ట్యాంకులోకి దింపేది. అది మూసి ఉంటే ఇక్కడ ఏం తెరుచుకున్నా ఆవిరి రాదు.

ఢమ్!

కిటికీ బయట పైపు అదిరింది.

ఢమ్... ఢమ్!

చల్లటి పైపులోకి ఆవిరి దూరితేనే ఆ చప్పుడు.

పెద్ద వాల్వ్ ఎవడో తెరిచేశాడు!

"పరిగెత్తు! మామను బయటికి లాగు!"

కరుప్పుసామి తలుపు తోసుకొని పరిగెత్తాడు.

వాల్వ్ సెట్టింగ్ మార్చడానికి లక్ష్మణ పాస్‌వర్డ్ కొట్టాడు.

తప్పు.

మళ్ళీ కొట్టాడు.

తప్పు!

వాడి పాస్‌వర్డే... వాడు పెట్టుకున్నదే! ఎవడో మార్చేశాడు.

పోయిన ఏడాది, ఎనభై ఏడులో, ఈ కంప్యూటర్ వచ్చింది. వాల్వులు, పంపులు, మోటార్లు... ఫ్యాక్టరీ మొత్తాన్నీ ఒకే కేబుల్ మీదికి తెచ్చారు. ఏది ఎప్పుడు తెరుచుకోవాలి, ఏ ప్రెషర్ దగ్గర ఆగాలి, అన్నీ ఇక్కడ కూర్చుని సెట్ చేసేది లక్ష్మణే. బెంగళూరులో ట్రైనింగ్ అయి వచ్చిన ఇంజనీరు వాడొక్కడే.

ఒక్కడే అనుకున్నాడు.

కేబుల్ మీద ఏమేం ఉన్నాయో చూపించే పేజీ తెరిచాడు. పంపులు... మోటార్లు... అడుగున కొత్తగా ఇంకొకటి!

ఇంకో టెర్మినల్. సూట్‌కేస్ లాగా చేత్తో మోసుకుపోయేది. ఎవడో దాన్ని బాయిలర్ హౌస్ దగ్గర కేబుల్‌కు తగిలించి, అక్కణ్నుంచి వాల్వ్ తెరుస్తున్నాడు.

ఎవడో కాదు... ఎవడో తెలుసు!

మేనేజర్ సిద్ధరాజ్.

రెండు నెలల కింద ఇదే ట్యాంకు దగ్గర ప్రెషర్ హద్దు దాటింది. మెషీన్ తనంతట తాను ఆగాలి. ఆగలేదు. గ్యాస్కెట్ పగిలి, ఆవిరి మీద కొట్టి, పిక్కిలి ఊరి నుంచి వచ్చే కృష్ణప్ప అక్కడికక్కడే పోయాడు. తాగి డ్యూటీకొచ్చి వాల్వ్ మూసేశాడని అందరికీ చెప్పారు. కృష్ణప్ప పెళ్ళాం మునియక్క గేటు పట్టుకొని అరిచింది. "నా మొగుడు తాగడు సామీ! చుక్క ముట్టడు!" వాచ్‌మన్ చేత తోయించేశారు.

కానీ ఆ రోజు సిద్ధరాజ్ కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ కృష్ణప్పతో అన్న మాట వెంకటప్ప విన్నాడు.

"ఇంక ఎంత ప్రెషరైనా మెషీన్ ఆగదు. నడిపించు!"

రేపు సేలం నుంచి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆయన ముందు ఆ మాట చెప్తానన్నాడు వెంకటప్ప.

అందుకే... ఈరోజే!

లక్ష్మణ పళ్ళు పటపటా కొరికాడు. వంగి, టేబుల్ కింద ఉన్న మెయిన్ కేబుల్ పట్టుకున్నాడు. కేబుల్ తెగితే వాల్వ్ దానికదే మూసుకుంటుంది. ఆ సెట్టింగ్ పెట్టింది తనే.

పీకేశాడు!

స్క్రీన్ నల్లబడింది. గోడ మీద పాత ముల్లు మీటర్ వైపు చూశాడు. దానికి వేరే వైరు. ఆవిరి ఎంత పోతోందో చూపించే ముల్లు.

పడాలి... పడిపోవాలి...

ముల్లు లేచింది!

ఢమ్! ఢమ్! ఢమ్!

కేబుల్ మళ్ళీ గుచ్చాడు. సెట్టింగ్స్ పేజీ. మార్చడానికి వీల్లేదు, చూడడానికి మాత్రం వీలుంది.

కేబుల్ తెగితే... వాల్వ్ ఓపెన్.

క్లోజ్ అని ఉన్న చోట సిద్ధరాజ్ ఓపెన్ అని పెట్టాడు!

లక్ష్మణ ఏం చేస్తాడో ముందే లెక్కేశాడు. కూర్చుని, ఆలోచించి, తీరిగ్గా మార్చి పెట్టాడు.

"థూ... నీ బతుకు చెడ!"

గోడకున్న పైపు రెంచి లాక్కొని లక్ష్మణ పరిగెత్తాడు.

మెట్లు. యార్డు. గడ్డల గుట్టలు. పులిసిన వాసన. తల మీద పైపు అదురుతూనే ఉంది. వాడు కింద, ఆవిరి పైన. ఆవిరి ట్యాంకు వైపు, వాడు బాయిలర్ వైపు!

బాయిలర్ హౌస్ తలుపు కాలితో తన్నాడు.

మూల స్టూలు మీద టెర్మినల్. దాని ముందు సిద్ధరాజ్. తెల్ల చొక్కా, నుదుట విభూతి. చెమట కూడా పట్టలేదు!

"రా లక్ష్మణా," అన్నాడు. ఫ్యాక్టరీలో ఎప్పుడూ తమిళం తప్ప మాట్లాడనివాడు ఇప్పుడు ఇంట్లో మాట్లాడే తెలుగు తీశాడు. "మనం మనం ఒకటే కదరా. నిలువు. చెప్తా విను."

"మూయి!"

"అయిపోయింది. ఇంకేం మూసేది?"

లక్ష్మణ పెద్ద వాల్వ్ దగ్గరికి దూకాడు.

చక్రం లేదు!

తిప్పే చక్రం విప్పేశాడు. మొండి ఇనుప కడ్డీ ఒక్కటే మిగిలింది.

రెంచి ఆ కడ్డీకి బిగించాడు. లాగాడు. కదల్లేదు.

వెనక నుంచి సిద్ధరాజ్ మెడ పట్టుకున్నాడు!

లక్ష్మణ మోచేత్తో వెనక్కి గుద్దాడు. ఒక్కటి... రెండు! సిద్ధరాజ్ స్టూలుతో సహా వెల్లకిలా పడ్డాడు. టెర్మినల్ నేలకు కొట్టుకొని పగిలింది.

లక్ష్మణ మళ్ళీ రెంచి పట్టుకున్నాడు. అరచేతులు కాలిపోతున్నాయి. తోలు ఊడొస్తోంది. కృష్ణప్ప గుర్తొచ్చాడు. గేటు దగ్గర మునియక్క అరుపు గుర్తొచ్చింది.

"తిరుగు... తిరుగు నీయమ్మ!"

కిర్రుమంది.

కదిలింది!

పావు చుట్టు... అర చుట్టు... ఇంకా... ఇంకా...

పైపు చప్పుడు ఆగిపోయింది.

సిద్ధరాజ్ మూతి రక్తం తుడుచుకుంటూ లేచాడు. నవ్వుతున్నాడు!

"పోలీసులకు ఏం చెప్తావురా? ఈ పెట్టె పగిలిపోయింది. కేబుల్ పీకింది నువ్వు. మామను చంపింది నువ్వు!"

లక్ష్మణ వాడి మాట వినడం లేదు. అప్పటికే ట్యాంకు వైపు పరిగెత్తుతున్నాడు.

వెనకే సిద్ధరాజ్. పరిగెత్తుతూనే అందరికీ వినపడేటట్టు అరుస్తున్నాడు.

"పట్టుకోండి వాణ్ని! కేబుల్ పీకినాడు! మనిషిని చంపినాడు!"

ట్యాంకు పైన ఇనుప ప్లాట్‌ఫారం. కూలీలు గుమిగూడారు. మూత తీసిన కంత లోంచి తెల్లటి ఆవిరి ఇంకా లేస్తోంది. లక్ష్మణ మెట్లు ఎక్కాడు. 

"మామా!" గొంతు పగిలేటట్టు అరిచాడు. "మామా!"

"ఏమిరా?"

లక్ష్మణ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

వెంకటప్ప... బయట! రెండు చేతులకూ తాడు చుట్టుకొని, వగరుస్తూ... పక్కన కరుప్పుసామి.

"మామా... నువ్వు... లోపల లేవా?"

"నేను దిగలేదురా! పైపు లోంచి వేడినీళ్ళ చుక్కలు పడతా ఉండాయి, దిగను అంటి. నీకు భయం, చూడు నేను దిగి చూపిస్తా అని ఆయనే దిగినాడు. లాగేదానికి ప్రాణం పోయినంత పనయింది."

కిందికి చూపించాడు.

తడి గోనె మీద ఒక మనిషి. మోకాళ్ళ కింద తోలంతా ఎర్రగా ఉడికిపోయి ఉంది. బతికే ఉన్నాడు.

మెయింటెనెన్స్ ఫోర్‌మన్ రంగస్వామి!

సిద్ధరాజ్ ఒడిలో పెంచిన తమ్ముడు!

"చంపినాడు! కేబుల్ పీకి చంపి..." అరుస్తూ మెట్లెక్కిన సిద్ధరాజ్ గొంతు అక్కడే తెగిపోయింది.

వెంకటప్పను చూశాడు. తర్వాత గోనె మీదికి చూశాడు.

"రంగా..."

 అక్కడే కూలబడ్డాడు.

"రంగా... నువ్వెందుకురా దిగినావు? నువ్వెందుకు..."

రంగస్వామి కళ్ళు తెరిచాడు. అన్న ముఖంలోకి చూశాడు. దిగాల్సింది ఎవరో, దిగింది ఎవరో... ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైపోయింది.

"అన్నా," అన్నాడు పళ్ళు కరుచుకొని. "పొద్దున ఆ పెట్టెకు వైరు తగిలించి ఇచ్చింది నేనే గదా. టెస్ట్ అంటివే! పెద్ద వాల్వ్ నేను మూస్తాను, నువ్వు పో అంటివే!"

"రంగా, మెల్లగా మాట్లాడు..."

"నన్ను ముట్టుకోవద్దు!"

ఆ అరుపుకు కూలీలు ఒక అడుగు వెనక్కి వేశారు.

రంగస్వామి అన్న వైపు మళ్ళీ చూడలేదు. తల తిప్పి, కాలిన చేతులతో నిలబడ్డ లక్ష్మణను చూశాడు.

"లక్ష్మణా! రేపటిదాకా ఎందుకు? ఆ ఇన్‌స్పెక్టర్‌ను ఈపొద్దే ఆస్పత్రికి పిలుచుకొని రా. కృష్ణప్పను ఎవరు చంపినారో... నేను చెప్తాను!"