మూడో మజిలీ గంగులుది

పెద్ద తీర్పరి ఓబులేసు అద్దాల గదిలోంచి ఇసుక వైపు చూశాడు. మొదటి మజిలీలో ఈరమ్మ అనే ఆడమనిషి చెప్పులు బిగించుకుంటోంది. రెండో మజిలీలో పురుషోత్తం. మూడోది ఖాళీ. దాని అవతల గూడు, అంటే చల్లటి గోడల నగరం. గేటు బయట జనం బారులు తీరి ఉన్నారు.

"గంట కొట్టనా అన్నా?" అంది మీటల దగ్గర కూర్చున్న మస్తానమ్మ.

"ఆగు. ఇది నేను కొడతా."

మజిలీ అంటే ఇసుకలో ఓ నీడ గది, అందులో ఒక్కరే ఉండాలి. గంట మోగితే గేటు దగ్గరివాడు మొదటి మజిలీలోకి వస్తాడు. అందులోని మనిషి రెండోదానికి, రెండోదాంట్లోని మనిషి మూడోదానికి పరిగెత్తాలి. అదే నెట్టుడు. మనిషికంటే ముందు యంత్రం వదిలిన బంతి ఎగిరొచ్చి ఆ మజిలీ గడప తాకిందా, ఔట్. ఒంటిని తాకనక్కర్లేదు. వెనక మజిలీ ఖాళీగా ఉంటే మాత్రం ఎవరూ కదపలేరు. పొద్దుటినుంచీ పురుషోత్తం కాళ్లు చాపుకుని కూర్చుంది అందుకే. ఇప్పుడు వెనక ఈరమ్మ వచ్చింది.

ఎప్పుడో జనం సరదాకి ఆడుకున్న బేస్‌బాల్లోంచి ఈ రూళ్లు ఏరి తెచ్చారు పెద్దలు. ఆ ఆటలో ఔటయినవాడు పోయి బెంచీ మీద కూర్చునేవాడట. ఇక్కడ ఔటయినవాడికి ఏ తలుపూ తెరుచుకోదు. మిగతా పని ఎండ చూసుకుంటుంది.

ఓబులేసు తమ్ముడు గంగులు అలాగే పోయాడు. మూడో మజిలీకి పరిగెడుతుంటే ఓ బంతి దారికి అడ్డంగా దిగి కదలకుండా నిలబడింది. దాన్ని చుట్టుకుని వెళ్లేలోపు ఇంకో బంతి గడప తాకేసింది. బంతి దారి ఆపితే ఆ మజిలీ ఇనాంగా ఇవ్వాలి. అదీ రూలే. అప్పటి పెద్ద తీర్పరి తెర మీద అంతా చూశాడు. "నెట్టుడు. ఔట్," అని టీ గ్లాసు అందుకున్నాడు. ఆ గ్లాసు అందించినవాడు ఓబులేసే.

ఆ పెద్ద తీర్పరే పురుషోత్తం. పదవి ఊడింది, అందరితోబాటు వరుసలోకొచ్చి పడ్డాడు.

మైకులో అతని గొంతు వచ్చింది. "ఏమయ్యా ఓబులేసూ, చెయ్యి తిమ్మిరెక్కిందా? నా పరువు తీసేలా ఉన్నావే!"

"మీరు నేర్పిందే గుర్తు చేసుకుంటున్నా సార్. పాత తీర్పు తప్పయితే, ఇప్పటి తీర్పరి దిద్దొచ్చు కదా?"

"దిద్దొచ్చు. ఎందుకూ?"

ఓబులేసు మైకు అందరికీ వినబడేలా తిప్పాడు. "బంతి దారి ఆపింది. గంగులుకి మూడో మజిలీ ఇనాం."

యంత్రం ఆకుపచ్చగా వెలిగి ఒప్పుకుంది. మస్తానమ్మ నోరు తెరిచింది. "చచ్చిపోయినోడికా?"

"బతికుండాలని ఏ రూల్లో ఉందమ్మా?"

ఇనాం మజిలీ దాని సొంతదారు వచ్చి అడుగుపెట్టేదాకా అతనిదే. నెట్టుడు అతన్ని కదపదు. బంతి ఆ గడప తాకదు. మూడో మజిలీ తలుపు మూసుకుంది.

పురుషోత్తానికి విషయం బుర్రకెక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఓబులేసు గారూ, మూసిన తలుపు కూడా దారి ఆపడమేనండీ. నాకూ ఇనాం రావాలి. గూడు ఇప్పించండి."

"అట్లాగే సార్, గూడే ఇస్తా. కానీ ముందున్నవాణ్ణి దాటిపోతే ఔటని పాఠం చెప్పింది మీరే. మా గంగుల్ని లేపండి. వాడు నడిస్తే వాడి వెనకే మీరూ నడుద్దురు."

పురుషోత్తం మైకుకి దగ్గరగా జరిగాడు. "చూశాన్రా. ఆరోజు ఆ బంతిని చూశాను. చాలా?"

"చూశారని నాకెప్పుడో తెలుసు సార్."

మస్తానమ్మ లేచి నిలబడింది. "అన్నా, ఈరమ్మ నీకేం చేసింది? గేటు బయట వాళ్లేం చేశారు? ఈ వరుస ఇంక కదలదు."

"తెలుసు," అన్నాడు ఓబులేసు. గంట మీట నొక్కాడు.

గంట మోగింది. ఈరమ్మ పరిగెత్తుకొచ్చి రెండో మజిలీలో పడింది. పురుషోత్తం ఎండలోకి వచ్చిపడ్డాడు. మూసిన తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. బంతి వచ్చింది గానీ గడప తాకలేక అతని తల మీదే గిరగిరా తిరుగుతోంది. ఔట్ కాదు. చేరినట్టూ కాదు.

ఇన్నేళ్లలో ఎవర్నీ ఏమీ అడగని యంత్రం మొదటిసారి తెర మీద అడిగింది: తీర్పు?

"ఆలోచిస్తున్నా," అన్నాడు ఓబులేసు.