నీచు వాసన లేని బిస్కెట్టు

మొదటి కన్సల్టెంటుగా వేషం కట్టి వెళ్లిన డిపార్ట్‌మెంట్ మనిషి శవం చేపల చెరువులో తేలిన మర్నాడే, ఆఫీసులో అందరూ ‘మొద్దు’ అని పిలిచే ఏజెంటుకి కబురొచ్చింది. ఆ పేరు ఊరికే రాలేదు. పార్ట్‌నర్ పోయిన రోజు కూడా కాఫీ చల్లారకుండా తాగిన ఘటం. అప్పటి నుంచి లోపల ఏదీ కదలడం లేదు. అదే అతని భయం. ఆ భయం కూడా సరిగ్గా వేయడం లేదు.

“పెంపకం చేపల పొడితో బడిపిల్లలకి బిస్కెట్లు. గిట్టుబాటవుతుందో లేదో తేల్చే కన్సల్టెంటువి నువ్వు,” అన్నాడు చీఫ్. “గిట్టుబాటైతే మాత్రం విదేశీ పాలపొడి ముఠా దుకాణం కట్టేసుకోవాలి. అందుకే రుచి చూసే రోజున పిల్లలకి విషం పెడతారట. ఆ పిల్లల్లో మీ అక్క కూతురుంది.”

“సరే సార్.”

“అంతేనా?”

“ఇంకేం అనాలి సార్?”

దొంగ మీసం, విషాన్ని పసిగట్టే పెన్నుతో ఫ్యాక్టరీలో దిగాడు. లోపల డిపార్ట్‌మెంట్ మనిషి ముందే ఉంది: ఫ్లేవర్లు కలిపే మేడమ్. ఆవిడ నడిచొస్తుంటే పనివాళ్లు మెషిన్లు ఆపడం మరిచిపోయేవారు.

“చెరువులో నీళ్లు మార్చారా?” అన్నాడు మొద్దు.

“మార్చాం. చేపలే ఇంకా మారలేదు.”

కోడ్ సరిపోయింది.

వేషమే అయినా పని శ్రద్ధగా చేశాడు. మేత, ఐసు, ఆరబెట్టే కరెంటు, అన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. పోషకాలు బ్రహ్మాండం, ఖర్చూ గిట్టుతుంది. ఎటొచ్చీ, బడులు ఇచ్చే ధరలో నీచు వాసన పూర్తిగా పోదు. రిపోర్టులో అదే రాశాడు.

రుచి చూసే రోజు బడి హాల్లో ప్రతి ట్రే మీదా పెన్ను, విషం లేదన్నట్టు, పచ్చగానే వెలిగింది. దూరం నుంచి మేడమ్ నవ్వింది.

“ఇక తినండర్రా,” అంది టీచరు.

అప్పుడు చివరి బల్ల నుంచి కమ్మటి వెనిలా వాసన వచ్చింది. నీచు జాడే లేదు. ఆ ధరకి అలాంటి బిస్కెట్టు ఎవరి తరమూ కాదు. ఎవరో విషం చేదు కప్పిపుచ్చడానికి ఖరీదైన ఫ్లేవర్ కుమ్మరించారు. పనిలో పనిగా నీచూ పోయింది.

ఆ బల్ల దగ్గరున్నది అక్క కూతురే. బిస్కెట్టు పెదవులకి తగలబోతుండగా మొద్దు ఒక్క దూకు దూకి విసిరికొట్టాడు. మీసం ఊడిపడింది.

“మావయ్యా! నువ్వా?”

మేడమ్ చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. వంటమనిషి వేషంలో ఉన్న చీఫ్ ఆ చేయి ఒడిసిపట్టాడు. మొదటి కన్సల్టెంటుకీ ఆ కోడ్ చెప్పి నమ్మించి, చెరువులో ముంచింది ముఠాకి అమ్ముడుపోయిన ఆవిడే కాబోలు.

“ఆ విషం మీ పెన్నుకి తెలీదు. ఎలా కనిపెట్టారు?” అంది ఆవిడ.

“మీది మరీ బాగుంది మేడమ్. మా ధరకి అంత బాగా రాదు.”

మొద్దు అక్క కూతుర్ని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు. వదల్లేకపోయాడు. వదలాలనీ అనిపించలేదు. చాలా కాలానికి అతనికి గట్టిగా భయమేసింది, ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు, ల్యాబ్ సరే అన్నాక, అక్క కూతురు అసలు బిస్కెట్టు కొరికి మొహం చిట్లించింది.

“మావయ్యా, విషం ఉన్నది ఆ ట్రేలోనేనని గట్టిగా తెలుసా?”