తప్పు కదిరమ్మది కాదు

"ఆ మడకశిర పిల్లను రేపే చూసొస్తా! ఇన్నేండ్లు కాచుకున్యాం, ఇంక చాలు!" అంది నాగలక్ష్మమ్మ. పిల్లలు పుట్టలేదని కొడుక్కి రెండో పెళ్ళి చేయాలని ఆమె పట్టుదల. మగ్గం ముందున్న శ్రీరంగప్ప తల ఎత్తలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య కదిరమ్మ గుండె చెరువైపోయింది... ధర్మవరంలో ఆ ఇంటికి కోడలై వచ్చింది మొదలు ఆమె చేయని ఉపవాసం లేదు, కట్టని ముడుపు లేదు! అయినా ఆ రోజు కన్నీళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

"సరే అత్తా, చూసిరా. ముందు మేమిద్దరమూ బెంగళూరు డాక్టరమ్మకు చూపించుకుంటాం. లోపం యాడుండాదో తెలిసినాక నీ ఇష్టం!"

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "ఎప్పుడో క్లమీడియా అనే జబ్బు సోకిందమ్మా నీకు. ఆలుమగల కలయికలో అంటుకుంటుంది. చాలామంది ఆడవాళ్ళకు నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు... లోపల గర్భనాళాలు మాత్రం దెబ్బతింటాయి. నీకు రెండూ మూసుకుపోయాయి. మొదట్లోనే తెలిసుంటే మందులతో నయమయ్యేది."

శ్రీరంగప్ప ముఖం పాలిపోయింది. "నా వల్లనే కదిరమ్మా! పెండ్లికి ముందు చీరలు అమ్మేదానికి ఊర్లు తిరిగేటప్పుడు తప్పు చేసినా... అప్పుడు ఒంటికి పోతే మంట పుట్టింది. తగ్గిపోయిందనుకున్యా!"

"నన్ను గొడ్రాలంటా ఉంటే ఊరికే విన్యావే!" అంది కదిరమ్మ. "ఈ మాట మీ అమ్మకు నువ్వే చెప్పల్ల!"

చెప్పాడు. నాగలక్ష్మమ్మ కొడుకు చెంప ఛెళ్ళుమనిపించి, కోడల్ని కావలించుకుని భోరుమంది. "ఎన్నెన్ని మాటలన్యానో తల్లీ! ఇంకో ఆడబిడ్డ గొంతు కూడా కోయబోతినే!" మర్నాడే మడకశిర వెళ్ళి సంబంధం వద్దని చెప్పొచ్చింది.

కదిరమ్మ మనసు కుదుటపడడానికి నెలలు పట్టింది. జబ్బు పోయేందుకు భార్యాభర్తలిద్దరూ మందులు వాడారు; మూసుకుపోయిన నాళాలు మాత్రం బాగుపడలేదు. ఒకనాడు ఆమే అంది, "నాకు బిడ్డ కావల్ల. నా కడుపునే పుట్టల్లని ఏముండాది?"

బెంగళూరు అనాథాశ్రమం నుంచి దత్తతగా నెలల ఆడపిల్ల వచ్చింది! నామకరణం నాడు ఇల్లంతా బంధువులు, పట్టు చీరల గరగరలు, పాయసం ఘుమఘుమలు! పిల్ల ఊయలలో కాళ్ళాడిస్తూ కేరింతలు కొడుతోంది. ఎవరో, "ఏ కులమో, ఎవురి బిడ్డో..." అని గొణిగారు.

"నా మనవరాలు!" గద్దించింది నాగలక్ష్మమ్మ. "ఏమప్పా, కండ్లు కనపల్లేదా?"

"పిల్ల చెవిలో పేరు ఎవరు చెబుతారమ్మా?" అడిగాడు పురోహితుడు.

"ఇంకెవురు? వాళ్ళమ్మే చెప్పల్ల!" అంది నాగలక్ష్మమ్మ.

ఎవరినంటున్నారోనని కదిరమ్మ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది... అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి!