టైరులో పోసిన పాలు

మా ఆయనకు రెండు పెండ్లిండ్లు. ఒకటి నాతోని, ఇంకోటి సైకిలుతోని. నాతోని పెండ్లి తండాల పందిరేసి చేసిన్రు. రెండోది డబ్బాల ప్యాకయి లారీల వచ్చింది.

మామూలు సైకిలు కాదు, గుట్టలెక్కి దిగే సైకిలు. వచ్చినకాడి నుంచి దాన్ని ఒక్క తీరుగ ఉండనిస్తలేడు. ఇయ్యాల హ్యాండిల్ మారుస్తడు, రేపు పెడళ్లు పీకుతడు, ఎల్లుండి బ్రేకులు బాగలేవని కొత్త డిస్కులు పెడ్తడు. ఇప్పిన సామాన్లన్ని మా వసారలనే. ఊడ్వబోతే కాళ్లకు గ్రీజు, బట్టలుతికితే గ్రీజు, ఆఖరికి పప్పుగిన్నె మూత మీద గూడ గ్రీజు. ఛీ, ఏం బతుకురా అనిపిస్తది. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, యూట్యూబ్‌ల చూసేటోళ్లకు మాత్రం ఆయన పెద్ద హీరో.

పేరు జైరాం. ములకలపల్లిల కరెంటు ఆఫీసుల నౌకరి. ఆదివారమొస్తే అడవిల సైకిలు తొక్కి వీడియో పెడ్తడు. ఒక కెమెరా హ్యాండిల్‌కు ఉంటది, ఇంకోటి పట్టుకొని మలుపుకాడ నిలబడేది నేను.

పిల్ల పుట్టినంక నేను రానన్న. మా పిల్లకు డబ్బా పాలు పడవు. నా పాలు తప్ప ఏది నోట్ల పెట్టినా కక్కి, నీలుక్కపోయి ఏడుస్తది. దవాఖానాల డాక్టరమ్మ గూడ తల్లిపాలు తప్ప ఇంకోటి పొయ్యొద్దని మరీ మరీ చెప్పింది. అసొంటి పిల్లను ఇడిచి అడవికి ఎట్ల పోవాలె?

"జల్దీ వచ్చేద్దమే. ముందు చక్రానికి కొత్త ఫోర్కు పెట్టిన, ఒక్క వీడియో తీసుకుంటే అయిపాయె" అని బతిమిలాడిండు. మా అత్త చాంది గూడ, "పో బిడ్డా, నీకు గూడ గాలి మారుతది. నేను చూస్కుంట" అన్నది. పిల్లకు కడుపునిండ పాలిచ్చి, చీర ఊయలల పండబెట్టి బయల్దేరిన.

వానలు అప్పుడే ఎనకవట్టినయ్. అడవంత పచ్చి వాసన. స్కూటీ మట్టిబాట కాడ ఆపి, నేను నడుచుకుంట, ఆయన సైకిలు నెట్టుకుంట గుట్ట ఎక్కినం. పై నుంచి కింద వాగుదాక ఆయన దిగుతుంటే నేను మలుపుల నిలబడి తీసిన. ఒక్కసారి అన్న మనిషి, "మళ్ళొక్కసారి, టైరు కింద మట్టి ఎగరలే" అంటడు. ఇంకోసారి, "నీ నీడ పడ్డది" అంటడు. మూతి ముడుచుకొని తీసుకుంటనే ఉన్న. పొద్దు గుట్ట ఎనక్కు జారింది. నా రొమ్ములు గట్టిపడి సలుపుతున్నయ్, జాకిటి తడుస్తున్నది. పిల్ల ఆకలికి లేచే యాళ్ల.

ఆఖరి దిగుడుల ఎనక టైరుకు ఏదో ముల్లు గుచ్చింది. బుస్సుమని గాలి పోయింది.

ఈయన టైర్లల్ల ట్యూబులుండయ్. ట్యూబు బదులు లోపల తెల్లటి జిగురుపాలు పోస్తరు, సీలెంట్ అంటరు. బొక్క పడితే అదే ఉరికొచ్చి మూసుకుంటది. కానీ కొత్త ఫోర్కు మోజుల పడి అది పోసి ఎన్నాళ్లయిందో మర్చిండు. ఇప్పి చూస్తే లోపల ఎండి పొరలు పొరలు లేస్తున్నది.

"ఎత్తుకో, పోదాం. పిల్ల ఏడుస్తుంటది" అన్న.

"గింత దూరం ఎట్ల మోస్త? నెట్టుకుంట పోతే రిమ్ము వంకర పోతది."

"పోతే పోనీ! నీ రిమ్ము మీద మన్నువడ!"

ఆయన నా మాట వింటలేడు. వాగు ఒడ్డు దిక్కు చూస్తున్నడు. ఆడ ఒక పాలకొడిసె చెట్టున్నది. పాలకొడిసెలు సన్నగ, మన చెయ్యి మందాన ఉంటయ్. ఇది మాత్రం ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావున్నది. మొదట్ల గుండ్రాళ్లు పేర్చి ఉన్నయ్. చుట్టుపక్క చెట్లన్నిటికి ఎవరో ఒకరు గొడ్డలి గాటు పెట్టిన్రు. దానికి ఒక్క గీత గూడ లేదు.

"సీలెంట్ అంటే ఏందనుకున్నవ్? రబ్బరు చెట్టు పాలే. ఇవి గూడ పాలే" అన్నడు. చాకు తీసి బెరడు మీద గీసిండు.

చెట్టుపాలు బొట్టు బొట్టుగ కారుతయ్ గదా. ఇవి చిమ్మినయ్. సన్నటి దారలుగ వచ్చి ఆయన ముంజేతి మీద పడ్డయ్. ఆయన నవ్వుకుంట సీలెంట్ ఎక్కించే సిరంజిల పీల్చి, "పట్టుకోమే" అని నా చేతికిచ్చిండు.

ఎచ్చగున్నది.

ఎండ తగలని చెట్టు, వాననీళ్ల చలి, అయినా ఆ సిరంజి ఎచ్చగున్నది. వాసన ముక్కుకు తగిలింది. బంక వాసన కాదది, పాలిచ్చే ఆడిదాని జాకిటి వాసన... తడిసి, పులిసి, మళ్ల తడిసిన జాకిటి. నాది అనుకొని వంగి వాసన చూసుకున్న. నాది కాదు.

"ఛీ, పారెయ్ దాన్ని" అన్న.

ఆయన వినలే. వాల్వు ఇప్పి సిరంజి పెట్టి లోపలికి ఎక్కించిండు. పంపుతోని గాలి కొట్టిండు. ముల్లు బొక్కల నుంచి తెల్లటి నురగ బుడగలుగ వచ్చి, ఆగి, మూసుకున్నది. "ఫ్రెండ్స్, చూసిన్రా? మన అడవి సీలెంట్!" అని హ్యాండిల్ మీది కెమెరాకు చెప్పిండు. థూ.

స్కూటీ కాడికి వచ్చేసరికి జంపక్క ఎదురైంది. వాగు అవతలి గూడెం ముసలామె, మా తండకు అడ్డాకులు అమ్మనీకి వస్తది. తలమీద ఆకుల మోపుతోని పోయేదల్లా ఆగి టైరు చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది.

"ఏ చెట్టుది?" అని మెల్లగ అడిగింది.

జైరాం చెయ్యి చూపించిండు.

"అయ్యో కొడకా... మా దిక్కు పాలిచ్చే తల్లి సచ్చిపోతే ఆ చెట్టు కింద పాతిపెడ్తరు. పిల్ల తాగకుండ మిగిలిన పాలు ఆ చెట్టుకు పోతయంటరు. దాన్ని ఎవ్వరు కొయ్యరు."

నేను జాకిటి మీద కొంగు కప్పుకున్న. "ఆ తల్లుల పిల్లలు ఏమైతరు జంపక్కా?"

"ఏమైతరు, ఎవరో సాదుతరు, బతుకుతరు. కానీ ఆ తల్లికి ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"ఇప్పుడేం చెయ్యాలె మరి?"

"నాకేం తెల్సు! ఆ పాలు మేం ఎన్నడు తియ్యలే" అని, ఎనక్కు చూడకుండ జరజర పోయింది.

జైరాం నవ్విండు గానీ మొఖం తెల్లబడ్డది. "ఇంటికి పోయినంక కడుగుతలే" అన్నడు.

తోవల ఆయన ముంగట, నేను ఎనక. స్కూటీ లైటుల ఆయన టైరు ఎనక ఒక తెల్లటి చార కనపడుతున్నది. మూసుకున్న బొక్క మళ్ల కారుతున్నట్టున్నది. కానీ టైరుల గాలి మాత్రం తగ్గుతలేదు. తండ దగ్గర పడంగనె, ఇండ్ల సందుల నుంచి కుక్కపిల్లలు ఉరికొచ్చినయ్. కండ్లు సరిగ తెరవనియి గూడ... రోడ్డు మీద పొట్టల మీద పాకుకుంట ఆ చారను నాకుతున్నయ్. వాటి తల్లి దూరంగ నిలబడి గుర్రుమంటున్నది.

మా వాకిట్లకు రాకముందే పిల్ల ఏడుపు వినపడ్డది. గొంతు బొంగురుపోయింది. సైకిలు గడప దాటింది... ఏడుపు టక్కున ఆగింది.

సబ్బుతోని చేతులు కడుక్కొని, పిల్లను ఒళ్లె వేసుకొని రొమ్మిచ్చిన. ఒక్క గుటక తీసుకున్నది. మొఖం చిట్లించింది. ఉమ్మింది. నా పిల్ల నా పాలు ఉమ్మింది! మళ్ల పెట్టిన. నోరు బిగవట్టి మెడ తిప్పింది. వసార దిక్కు తిప్పింది. ఆడ గోడకు సైకిలు ఆనిచ్చి ఉన్నది.

"అలిగింది, కొంచెం సేపు ఊపుత ఆగు" అని అత్త తీస్కొని ఊయలల వేసింది. నాకు ఏడుపొచ్చింది. రొమ్ముల పాలుండి పిల్ల తాగకపోతే ఆ నొప్పి, ఆ రోషం పాలిచ్చే తల్లికే తెలుస్తది.

"ఏమే... ఇటు రా" అని లోపలి అర్రల నుంచి జైరాం పిలిచిండు. ల్యాప్‌టాప్ ముంగట కూసున్నడు. తెర నా దిక్కు తిప్పిండు. "గిది నువ్వేనా?"

హ్యాండిల్ కెమెరా వీడియో పెట్టిండు. చెట్టు మొదలు, ఆయన చేతులు, సిరంజి. తెరమీద ఇంకేం లేదు. బెరడు కోసిన చప్పుడు... పాలు చిమ్మిన చప్పుడు... దాని ఎనక ఎవరో, "హా..." అని ఊపిరి ఇడిచిన్రు.

ఆ ఊపిరి నాకు తెల్సు. పొద్దందాక పాలు గడ్డకట్టి, సలిపి, సలిపి, ఆఖరికి పిల్ల నోరు పెట్టినప్పుడు వస్తది అది. నేను రోజు ఇడిచేదే. కానీ నేను అప్పుడు ఆయనకు ఎడమ పక్క నిలబడి తిడుతున్న. నా తిట్లు వేరే వినపడుతున్నయ్.

"నేను కాదు" అన్న.

పంపు కొడుతున్న చప్పుడు. ఒక్కో పంపుకు ఒక్కో ఊపిరి. తర్వాత మెల్లగ, కెమెరాకు ఆనుకొని చెప్పినట్టు...

"తాగు... ఇంకొంచెం తాగు..."

కరెంటు పోయింది.

అత్త దీపం ఎతకడానికి వంటింట్లకు పోయినట్టున్నది, గిన్నెలు తగిలిన చప్పుడైంది. పిల్ల ఏడుస్తలేదు. ఇల్లంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంల వసార నుంచి...

చప్... చప్... చప్.

ఫోను లైటేసి ఉరికిన. ఊయల ఖాళీగ ఊగుతున్నది. సైకిలు కింద, మట్టి నేలమీద, నా పిల్ల ఎల్లెలకల పండుకొని ఉన్నది. ఎనక టైరు వాల్వు దాని నోట్ల ఉన్నది. బుగ్గలు ఆడుతున్నయ్. గుటక... గుటక. గదవ మీది నుంచి తెల్లగ కారుతున్నది.

"అమ్మో!" అని గుంజిన. వస్తలేదు. పెదాలు అంటుకపోయినయ్. మళ్ల గుంజిన. పెదాలకు, వాల్వుకు నడుమ తీగలు తీగలుగ బంక సాగింది, సాగి సాగి తెగింది. పిల్ల నోట్లకు వేలు పెట్టి గీకిన. ముద్దలు ముద్దలు వచ్చినయ్, ఎచ్చగ, పులుపు వాసనతోని. ఆన్నే వాంతి చేసుకున్న. పిల్ల మాత్రం గునుస్తున్నది. ఇంకా కావాలన్నట్టు చేతులు టైరు దిక్కు చాపుతున్నది.

"నేను తియ్యలే బిడ్డా, ముట్టలే... దీపం కోసం అటు పోయిన, అంతే!" అని అత్త నెత్తి కొట్టుకున్నది.

జైరాం చాకు తీసుకొని టైరు నిలువున చీరిండు. లోపల పోసింది ఒక్క సిరంజి. పారింది మాత్రం వసారంత. గడప మీది నుంచి వాకిట్లకు, వాకిట్ల నుంచి తొవ్వకు. గడ్డలు గడ్డలు, ఇరిగిన పాల లెక్క. ఎక్కడెక్కడి పిల్లులో, కుక్కపిల్లలో వచ్చి మూతులు పెట్టినయ్. జైరాం టైరును రిమ్ము నుంచి ఊడగుంజిండు. రిమ్ము చుట్టూ ఎంటికలు... ఆడిదాని ఎంటికలు, జడ అల్లినట్టు తిప్పి తిప్పి చుట్టి ఉన్నయ్. పీకుతుంటే వస్తనే ఉన్నయ్, జిడ్డు జిడ్డుగ, ఆయన మోచేతులకు చుట్టుకుంట. అడవంటే భయం లేనోడు, గుట్ట మీది నుంచి దూకెటోడు, ఆయన గూడ కూసొని ఏడ్చిండు.

చక్రాన్ని చెలకల పడేసి కిరసనాయిలు పోసి కాలవెట్టినం. కాలినంతసేపు పొయ్యిమీద పాలు మాడిన వాసన. మా తండాల ఎవ్వరు ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లారి పిల్ల నా పాలు ముట్టలేదు. మర్నాడు ముట్టలేదు. కొత్తగూడెం దవాఖానాల చూపిస్తే, "మంచిగనే ఉన్నదమ్మా, నీరసం లేదు, ఏం లేదు. తాగుతనే ఉండాలె" అన్నరు. తాగుతలేదు అని మొత్తుకుంటే, కొత్త తల్లివి, భయపడకు అన్నరు. నా పాలు మెల్లగ ఇంకిపోయినయ్. రొమ్ములు సంచుల లెక్క ఏలాడవడ్డయ్. పిల్ల ఆకలికి ఏడ్వది. తెల్లారగట్ల లేచి, కడుపు నిండినట్టు బ్రేవుమని తేన్చుతది. ఆ వాసనకు నేను బయటికి ఉరుకుత.

జైరాం సైకిలు మొఖం చూస్తలేడు. వీడియో తీసేసిండు. రాత్రిళ్లు తలుపుకు గొళ్లెం పెట్టి, దానికి అడ్డంగ మంచమేసుకొని పంటున్నడు. నేను పిల్లను నా కొంగుకు ముడేసుకొని పంటున్న.

నిన్న అంగన్‌వాడిల పిల్లలను తూచిన్రు. టీచరు సుజాతక్క కాటా చూసి, మళ్ల చూసి నవ్వింది. "వామ్మో, ఎంత పెరిగిందే నీ పిల్ల! నీ పాలు మంచిగ పట్టినయ్, దిష్టి తియ్యి" అన్నది. అందరు తల్లులు నా దిక్కు చూసిన్రు. నేను తల వంచుకొని పిల్లను ఎత్తుకొని వచ్చిన.

ఇయ్యాల పొద్దుగాల అత్త పిల్లకు నూనె రాసి నీళ్లు పోస్తున్నది. పిల్ల పిడికిళ్లు ఇప్పుతలేదు. ఒక్కో వేలు మెల్లగ ఇడిపించింది. ఇడిపించి నన్ను పిలిచింది.

ఆ చిన్న చిన్న గోర్ల సందులల్ల చెట్టు బెరడు ఇరుక్కొని ఉన్నది. పచ్చిగ, తడిగ ఉన్నది. రాత్రి నా కొంగుకు వేసిన ముడి, వేసింది వేసినట్టే ఉన్నది. నా పిల్ల ఇంకా బోర్లా పడుడు గూడ నేర్వలేదు.