అవినాష్ చనిపోయిన తారీఖు

"సాయంత్రం ఆమె షట్టరు దించుతూనే తుపాకి పేలాల," అన్నాడు లక్ష్మీనరసయ్య.

ప్రొద్దుటూరులో ఆయన్ను అందరూ చీరల షాపు యజమానిగానే ఎరుగుదురు. షాపు పై అంతస్తులో, పట్టుచీరల బేళ్ల వెనక ఒక గది ఉందనీ, విదేశీ గూఢచారులను వేటాడే 'దక్షిణ విభాగం' అక్కడి నుంచే నడుస్తుందనీ ఎవరికీ తెలియదు. ఆయన దానికి చీఫ్. ఎదురుగా కూర్చున్న కౌశిక్ ఫీల్డ్ ఏజెంట్.

బల్ల మీద ఒక ఫోటో ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చున్నీతో ఒక అందమైన యువతి. ఆమె పక్కన టోపీ పెట్టుకున్న ఒక విదేశీయుడు. ఆమె చేతిలోని కవరు అతని చేతికి మారుతోంది.

ఆమె పేరు సింధూ. జమ్మలమడుగులో బ్యూటీపార్లర్ నడుపుతుంది. అది పైకి కనిపించే పని. విభాగం ఆమెను 'నార్త్ హార్బర్' అనే విదేశీ ముఠాలోకి పంపింది. ముఠాకు పని చేస్తున్నట్టు నటిస్తూ విభాగానికి సమాచారం ఇవ్వడం ఆమె అసలు పని. పక్కనున్న మనిషి డెల్మర్, ఆ ముఠా నాయకుడు. మారుపేర్లతో దక్షిణాదిలో పని చేస్తున్న ఏజెంట్లందరి అసలు పేర్లు అతనికి కావాలి.

"ఫోటో తారీఖు పోయిన ఏడాది అక్టోబరు ఎనిమిది," అన్నాడు చీఫ్.

ఆ తారీఖు కౌశిక్‌కు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. ఆరోజు ప్రొద్దుటూరు దసరా జనంలో, అమ్మవారి అలంకారం చూసి వస్తున్న అవినాష్ మెడ మీద ఎవరో విషపు సూది గుచ్చారు. అవినాష్, కౌశిక్ జోడీగా పని చేసేవారు. నమ్మకమైన మనిషిని కలవడానికి పోతున్నానని చెప్పి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

"ఆరోజు యాడికీ కదల్లేదు, జమ్మలమడుగులోనే ఉన్నానని సింధూ చెప్పింది. మరి ఆరోజే డెల్మర్‌తో ఫోటోలో ఉంది. మనల్ని అమ్ముకునింది కౌశికా."

"ఇన్నాళ్లూ ఈ ఫోటో ఎందుకు కనపడలేదు సార్?"

"పాత సిస్టమ్‌లో ఏదీ సరిగా దొరికేది కాదు గదా. ఫిబ్రవరి మధ్యలో అంతా కొత్త డేటాబేస్‌కు మార్చినాం. అక్టోబరు ఎనిమిది అని కొడితే ఇది బయటపడిందని శివకుమార్ తెచ్చిచ్చినాడు."

శివకుమార్ విభాగానికి సిస్టమ్ ఆఫీసర్. పులివెందులలో సోలార్ పంపుల సర్వీసు సెంటర్ వెనక సర్వర్ గది అతని అధీనంలో ఉంటుంది.

"మన షూటర్ గౌస్ మొహిద్దీన్ అప్పుడే ఆమె పార్లరుకు ఎదురు మిద్దె ఎక్కినాడు, డిష్ బిగించేవాని వేషంలో. ఫోన్ ఆపేసినాడు. రేడియోకే వింటాడు. అదీ ఊళ్లోకి పోతేనే అందుతాది. ఆపాలంటే ఈనాటి మాట చెప్పాల. ఆ మాట గౌస్‌కు ఈ పొద్దు కొత్త సిస్టమ్ నుంచి పోయింది. మార్చి మాటలు నీకు పాత సిస్టమ్ ఉన్నప్పుడే చెప్పినా గదా?"

"గుర్తున్నాయి."

ప్రతి రోజుకూ ఒక రహస్యపదం ఉంటుంది. ఈ ఏడాది పదాలన్నీ కూర్చి పెట్టింది అవినాషే.

చీఫ్ ఫోటోను అతని వైపు జరిపాడు. "ఇంకొకటి. అవినాష్ ఫైలు ఇంకా మూయలేదు. జోడీ పోతే ఆ ఫైలు మూయాల్సింది రెండోవాడే. ఇంకొకరు ముట్టకూడదు. నేను పెట్టిన రూలు కాదప్పా, నా ముందటివాళ్లది. నీ వేలిముద్ర పడితేగానీ అది తెరుచుకోదు. నేను శానాసార్లు చెప్పినా, నువ్వు దాటేస్తానే వచ్చినావు. ఇప్పుడే పులివెందులకు పో. ఫైలు మూసి, ఆనుంచి జమ్మలమడుగుకు పోయి గౌస్ పని దగ్గరుండి చూడు. అంతా ఒకేరోజు అయిపోనీ."

కౌశిక్ లేచాడు. ఫోటోను మరోసారి చూశాడు. దానికి కుడివైపు అంచు చాలా దగ్గరగా కోసినట్టు అనిపించింది. అప్పటికి దాని గురించి ఆలోచించలేదు.

*

పంపు మెకానిక్ వేషంలో, భుజాన పనిముట్ల సంచితో కౌశిక్ మోటార్‌సైకిల్ ఎక్కాడు. చెవిలో ఉన్నది వినికిడి యంత్రంలా కనిపించే రేడియో. జేబులో ఉన్న పెన్ను రాయడానికి కాదు. చిలమకూరు వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల దుమ్ములో అతను మెల్లగానే వెళ్లాడు. సింధూను చంపడం గురించి అతనికి సందేహం లేదు. సంతోషమూ లేదు. అవినాష్ ఫైలు గురించే భయంగా ఉంది. ఐదు నెలలుగా దాన్ని తెరవలేదు. తెరిస్తే మూయాలి.

పులివెందులలో శివకుమార్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రా మామా, రా. ఎండకు మొగం మాడిపోయింది. నన్నారి సోడా తెప్పించేదా?"

"వద్దులే. ఫైలు మూయడానికి వచ్చినా."

శివకుమార్ నవ్వు ఒక క్షణం ఆగింది. "ఈరోజేనా? ఇంకో వారం కానీ మామా. కొత్త సిస్టమ్, ఇంకా చిన్నచిన్న పనులుండాయి. సాయంత్రం పాత డేటాబేస్‌ను తుడిచేస్తాండా. రేపటి నుంచి నిమ్మళంగా చూసుకోవచ్చు."

"చీఫ్ ఈరోజే అన్నాడు."

కౌశిక్ వేలిముద్ర వేశాడు. తెర మీద అవినాష్ ముఖం వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటి ఫోటో. ఆ చొక్కా కౌశిక్‌దే. ఇస్త్రీ చొక్కా లేదని ఆరోజు అడిగి తీసుకున్నాడు. కౌశిక్ చూపు కిందికి దించుకున్నాడు.

పేరు. ఊరు, చాపాడు. కూతురు అనఘ. మరణించిన తేదీ: 2024 ఆగస్టు 10.

అతను మళ్లీ చదివాడు. కొత్త సిస్టమ్ నెలను అక్షరాల్లో చూపిస్తోంది కాబట్టి పొరపాటు పడడానికి వీల్లేదు. ఆగస్టు. దసరా ఆగస్టులో ఎలా వస్తుంది? కంప్యూటర్ లెక్క ప్రకారం అవినాష్ రెండు నెలలు ముందే చనిపోయాడు.

ఈ ఫైలులో తారీఖు వేసింది కౌశికే. పాత సిస్టమ్‌లో తేదీలు ఉత్త అంకెలుగానే ఉండేవి. చనిపోయిన రోజు తన చేత్తో 08/10/2024 అని కొట్టాడు. మనవాళ్లు రోజు ముందు రాస్తారు, నెల తరువాత. కొత్త డేటాబేస్ నెల ముందు అనుకుంది. అందుకే ఎనిమిదో తారీఖు ఎనిమిదో నెల అయింది.

ఒక్క తేదీ తిరగబడితే అన్నీ తిరగబడి ఉండాలి. ఫోటో మీద అక్టోబరు 8 అని ఉంది. అంటే పాత సిస్టమ్‌లో అది 10/08. ఆగస్టు పది.

"ఏంది మామా, అట్లా చూస్తాండావు?" శివకుమార్ గొంతు దగ్గరగా వినిపించింది.

"ఏం లేదు. సింధూ ఫోటో ఒకసారి తెరువు. పూర్తిది."

"ప్రింటు చూసినావు గదా?"

"ప్రింటుకు అంచు కోసినావు. పూర్తిది తెరువు."

శివకుమార్ కదల్లేదు. కౌశిక్ తనే తెరిచాడు. సింధూ వెనక ఆర్టీసీ బస్సు ఉంది. చుట్టూ తులసిమాలలు పట్టుకున్న జనం. ప్రింటులో లేని కుడి అంచున, బస్సు అద్దం మీద రంగు కాగితం అంటించి ఉంది: గండి స్పెషల్.

గండి ఆంజనేయస్వామికి స్పెషల్ బస్సులు శ్రావణ శనివారాలకే వేస్తారు. ఈ ప్రాంతంలో చిన్నపిల్లవానికైనా తెలుసు. పోయిన ఏడాది ఆగస్టు పది మొదటి శ్రావణ శనివారం. దసరా రోజుల్లో గండి స్పెషల్ ఎవరూ చూసి ఉండరు. ఫోటో కింద సన్న అక్షరాల్లో ఉంది: తీసినవారు, అవినాష్. ముఠా నమ్మకం పొందడానికి సింధూ దొంగ కాగితాలు ఇస్తుంటే, సాక్ష్యం కోసం అతనే జనంలో నిలబడి తీశాడన్నమాట.

"పన్నెండు దాటిన తేదీలు తిరగబడవు," అన్నాడు కౌశిక్ మెల్లగా. "పదమూడో నెల ఉండదు కాబట్టి సరిగానే పడతాయి. అందుకే ఫిబ్రవరి చివరిదాకా ఎవరికీ తెలియలేదు. నీకు మాత్రం తెలుసు. ఈ తప్పు కావాలనే పెట్టినావు. తప్పు బయటపడే ఫైళ్లన్నీ సర్దుకుంటూ వచ్చినావు. ఈ ఒక్క ఫైలు నీ వేలికి తెరుచుకోలేదు."

శివకుమార్ ముఖంలో నవ్వు పూర్తిగా పోయింది. "తుడిచేసినాక ఎవురికి తెలుస్తాది? ఏజెంట్ల పేర్ల కోసం డెల్మర్ నా దగ్గరికే వస్తాండాడు. ముఠాలో సింధూ ఉంటే నేనెవరో ఆమెకు తెలిసిపోతాది."

"అవినాష్‌కు తెలిసినట్టు."

"నన్ను శానా నమ్మినాడు మామా. పిలిస్తే వచ్చినాడు."

అంటూనే అతని చేయి బల్ల కిందికి పోయింది. కౌశిక్ పెన్ను నొక్కాడు. సన్నని పొగ ముఖానికి తగిలి శివకుమార్ కుర్చీలోనే వాలిపోయాడు. అతన్ని బేడీలతో సర్వర్ రాక్‌కు కట్టేసి, పాత డేటాబేస్ ఉన్న మిషన్ దగ్గరికి వెళ్లాడు. తుడిచే ప్రోగ్రాం సాయంత్రానికి సిద్ధంగా కూర్చుని ఉంది. దాన్ని ఆపే పాస్‌వర్డ్ అతనికి తెలియదు. ప్లగ్ పీకేశాడు.

బయటికొచ్చి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సింధూ కాదు సార్. శివకుమార్. మనుషుల్ని పంపండి. గౌస్ మొహిద్దీన్‌ను ఆపండి."

"ఆపేదానికి నా చేతుల్లో ఏముందప్పా? రేడియో ఆ ఊళ్లోనే అందుతాది, సింధూ దగ్గర మన ఫోనూ లేదు. నువ్వు పో. బిరీన పో."

*

ముద్దనూరు మీదుగా అతను ఎలా వెళ్లాడో అతనికే గుర్తు లేదు. జమ్మలమడుగు చేరేసరికి ఎండ పసుపుగా మారింది. పార్లర్ ఉన్న వీధి మొదట్లో శనగ బస్తాల ట్రాక్టర్లు అడ్డంగా నిలిచిపోయాయి. వాటి మీదుగా దూరాన పార్లర్ బోర్డు కనిపిస్తోంది. ఎదురు మిద్దె మీద డిష్ పక్కన ఒక మనిషి వంగి ఉన్నాడు.

కౌశిక్ మోటార్‌సైకిల్ వదిలేసి చెవి దగ్గర మీట నొక్కాడు.

"గౌస్ భాయ్, కౌశిక్‌ను. ఆపేయ్. ఆమె మన మనిషే."

"ఈనాటి మాట చెప్పప్పా."

"పెన్నేరు."

గరగరమని శబ్దం. తరువాత నిదానంగా జవాబు వచ్చింది. "అది కాదు."

"అదే! మార్చి రెండుకు పెన్నేరే."

"నాకొచ్చింది వేరే. గొంతు కౌశిక్‌దే ఉంది. వేరేవాళ్ల గొంతును అచ్చం దించేవాళ్లు శానామంది ఉండారు. ఇంకోతూరి తప్పు చెప్తే చానెల్ మూస్తా."

సింధూ బయటికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చున్నీ. రెండు చేతులూ పైకెత్తి షట్టరు పట్టుకుంది. ఎందుకో కంగారుగా ఉంది. ట్రాక్టర్ల సందులోంచి కౌశిక్ అరిచాడు. ఇంజన్ల మోతలో అది అతనికే వినిపించలేదు.

షట్టరు కిర్రుమంటూ దిగుతోంది.

మాటలు కూడా ఆ డేటాబేస్ నుంచే పోతాయి. తేదీలు తిరగబడితే మాటలు కూడా తిరగబడతాయి. ఈరోజు మార్చి రెండు. మూడో నెల, రెండో రోజు. దాన్ని తిప్పితే మూడో రోజు, రెండో నెల. గౌస్ మొహిద్దీన్‌కు పోయింది ఫిబ్రవరి మూడు మాట.

ఫిబ్రవరి మూడు. ఆరోజు కౌశిక్ చాపాడులో ఉన్నాడు. ఒక చిన్న పాప కేకు ముందు నిలబడి, నాయన వచ్చినాక కోస్తానని మొండికేసింది. ఏడాది మాటలు కూర్చేటప్పుడు అవినాష్ ఆ ఒక్క తారీఖు దగ్గర నవ్వుతూ ఏం రాశాడో కౌశిక్‌కు తెలుసు.

"అనఘ," అన్నాడు.

షట్టరు నేలను తాకింది.

తుపాకి పేలలేదు.

"సరిపోయింది," అంది చెవిలోని గొంతు. "దించేసినా. కొంచెం ముందు చెప్పకూడదా అప్పా? నా వేలు బిగిసిపోయింది."

కౌశిక్ ట్రాక్టర్ల మధ్య నుంచి దూరుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు. సింధూ షట్టరుకు తాళం వేసి దానికి వీపు ఆనించి నిలబడింది. లోపల నుంచి ఎవరో దబదబా బాదుతున్నారు.

"ఎవరు?"

"డెల్మర్. ఫేస్‌క్రీముల ఏజెంట్‌నని వచ్చినాడు. మన పేర్లన్నీ ఈ రాత్రికి చేతికొస్తాయని, ఇచ్చేవాడు మనలోనే ఉన్నాడని నోరు జారినాడు. ఇంక వదిలేదెట్లా? వెనక తలుపు ముందే బిగించినా." ఆమె కళ్లద్దాలు తీసి అతని ముఖం చూసింది. తరువాత ఎదురు మిద్దె వైపు చూసింది. గొంతు తగ్గింది. "నువ్వు ఇంత తొందరగా ఎట్లొచ్చినావు? నేను ఇంకా కబురే పంపలేదు."

కౌశిక్ చూపు కూడా ఆ మిద్దె మీదికే పోయింది.

"నా కోసమే వచ్చినావా?"

"అవును."

"అవినాష్ ఉంటే నన్ను ఒక్క మాట అడిగేవాడు," అంది సింధూ.

అది నిజం. కౌశిక్ తల వంచుకుని, బాదుతున్న షట్టరుకు తన భుజం కూడా ఆనించాడు.

*

డెల్మర్‌నూ శివకుమార్‌నూ వేర్వేరు జీపుల్లో తీసుకుపోయారు. మరునాడు పులివెందుల సర్వర్ గదిలో పాత డేటాబేస్‌ను తిరిగి లేపారు. ఈసారి ఏది రోజో, ఏది నెలో ముందే చెప్పి తేదీలన్నీ మొదటి నుంచి మార్చారు. లక్ష్మీనరసయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కరోజులో ఆయన ముసలివాడైనట్టు కనిపించాడు.

"సింధూ ఏమంటాంది?"

"సెలవు అడిగింది సార్. తారీఖులు వేయలేదు."

ఆయన తల ఊపాడు. "అన్నీ సరి చేసినాం. ఒకటే మిగిలింది. దాన్ని ఎవరూ ముట్టలేరు."

కౌశిక్ వేలిముద్ర వేశాడు. తన చొక్కా తొడుక్కున్న అవినాష్ మళ్లీ తెర మీదికి వచ్చాడు. మరణించిన తేదీ దగ్గర ఆగస్టును తీసేసి, నెలను అక్షరాల్లో కొట్టాడు. అక్టోబరు. ఒక్కొక్క అక్షరం నెమ్మదిగా కొట్టాడు. తరువాత ఫైలు మూశాడు.

"ఏందప్పా, నవ్వుతాండావా?" అన్నాడు చీఫ్, అతని ముఖం సరిగా కనబడక.

"ఇప్పుడు రెండు నెలలు ఎక్కువ బతికినాడు సార్. మన డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌టెన్షన్ వచ్చింది వానికొక్కనికే."