ఫాంటులో పొంచిన గంటు

"సరిహద్దు దాటకముందే మనవాళ్లిద్దరినీ పట్టేశారు. వేషం కుదిరింది, యాస కుదిరింది, పాస్‌లు మన ప్రెస్‌లోనే అచ్చయ్యాయి. అయినా దొరికిపోయారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌తో.

తర్వాతి పాస్ ఎవరిదో ఆయన చెప్పనక్కర్లేదు. ఆ ఏజెంట్ చెల్లెలు అప్పటికే ప్రెస్ గేటు దగ్గర వ్యాన్‌లో కూర్చుంది. పాస్ చేతికందగానే శత్రుదేశానికి బయల్దేరుతుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌ని పిల్లి అంటారు. అడుగు చప్పుడు కాదు, ఎవరినీ నమ్మడు. అతికించిన మీసం, భుజాన టూల్‌కిట్, మెకానిక్ వేషంలో టైప్‌సెట్టింగ్ గదిలోకి వచ్చాడు. ఆపరేటర్ తల ఎత్తకపోవడం అనుమానంగా తోచింది. మూల కుర్చీలోని సుందరి తల ఎత్తి నవ్వడం ఇంకా అనుమానంగా తోచింది. పాస్‌ల కోసం ప్రత్యేకంగా ఫాంట్ గీసిచ్చిన డిజైనర్ ఆమె. మన మనిషేనని చీఫ్ చెప్పాడు గానీ పిల్లికి ఆ మాటా నమ్మబుద్ధి కాలేదు.

చొక్కా బొత్తంలో దాచిన లెన్స్‌తో పాత పాస్ పరీక్షించాడు. 'మ' కొమ్ము చివర వెంట్రుకంత గంటు. చెక్‌పోస్ట్‌లో శత్రువుకి ఆ గుర్తు చాలు.

నిలదీస్తే, తన ఫాంట్‌ని ఎవరో మార్చేశారని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. వెంటనే ఒరిజినల్ ఫైల్ ఇచ్చి, పాతది తీయించి, అదే పేరుతో ఇన్‌స్టాల్ చేయించింది. పిల్లి ఫైల్ తెరిచి చూశాడు. 'మ' శుభ్రంగా ఉంది.

"ఇక నేరుగా పాస్ కొట్టించెయ్యండి," అంది.

పిల్లి చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఫాంట్ మార్చాక సిస్టమ్‌లోని క్యాష్ మెమరీని తుడవాలి. లేకపోతే అది దాచుకున్న పాత అక్షరాల్నే అచ్చేస్తుంది. అందుకే ఫాంట్ గీసినవాళ్లు టెస్ట్ పేజీ చూడందే కుర్చీ వదలరు. బిడ్డ మొహం చూడకుండా ఏ తల్లి ఇంటికెళ్తుంది?

"టెస్ట్ పేజీ వద్దా మేడమ్?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. పిల్లి విసిరిన టూల్‌కిట్ ఆ చేతికే తగిలింది. రెండో చేత్తో ఆమె ఆపరేటర్ కీబోర్డ్ మీద ఎంటర్ నొక్కేసింది. ప్రింటర్ పాస్‌ని అచ్చేసి బయటికి తోస్తుండగా పిల్లి ప్లగ్ పీకేశాడు.

సగం బయటికొచ్చిన కార్డు మీద చెల్లెలి పేరు, అందులో గంటు పడిన 'మ'. పిల్లి దాన్ని లాగి సాక్ష్యంగా జేబులో పెట్టుకున్నాడు.

విదేశీ ముఠా జీతం తింటున్న ఆ డిజైనర్ బేడీలతో వెళ్లాక, క్యాష్ తుడిచి, టెస్ట్ పేజీ చూసి, కొత్త పాస్ కొట్టించి తనే వ్యాన్ దగ్గరికి తీసుకెళ్లాడు. చెల్లెలు దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అక్షరాలు బావున్నాయన్నయ్యా. ఫోటోలో మాత్రం నన్ను నేనే గుర్తుపట్టలేకపోతున్నా."

"అందులో విదేశీ హస్తమేమీ లేదమ్మా," అన్నాడు పిల్లి.